కొక్కేనికి పోగు లేదు

పద్మనాభ రాజా మిల్లు గేటు దాటేసరికి ఒంటిగంటా పది. నాలుగింటికి పోలీసులు వస్తారు. ఆలోగా ఒక చావుకు సరైన కారణం దొరకాలి. దొరక్కపోతే వినోత్ జైలుకు పోతాడు.

వినోత్ తల్లి బొమ్మక్క ఆయన వెనకే నడుస్తోంది. తమిళనాట, తెలుగు మాట్లాడే ఈ ఊరి స్పిన్నింగ్ మిల్లులో ముప్పై ఏళ్లు సైడర్‌గా, అంటే తెగిన దారం అతికిస్తూ, నిలబడిన మనిషి. మిల్లు మూతపడ్డాక టీ అమ్ముతోంది. నెల రోజులుగా ఇక్కడ సినిమా తీస్తున్నారు. తల్లికి టీ పని, కొడుక్కి కరెంటు పని దొరికాయి.

"రాజా, వాడు బీడీ గూడ తాగడు," అంది బొమ్మక్క. "మత్తు పొడి అమ్మినాడంట. వాడికి తెలిసిన పొడి సున్నం పొడే."

పద్మనాభ రాజా మిల్లు షెడ్డు వైపు నడుస్తూనే ఉన్నాడు. ఇరవై ఎనిమిదేళ్లు ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున కాలిపోయిన దూది గోడౌన్లు చూసినవాడాయన. బూడిదను చూసి నిప్పు ఎక్కడ పుట్టిందో చెప్పేవాడు. రిటైరయ్యాక మనుషుల గొడవలు చూస్తున్నాడు. మనుషులకన్నా బూడిదే మేలని ఆయన లెక్క. అది అబద్ధం చెప్పదు.

షెడ్డు లోపల రాత్రి. బయట ఎండ కాస్తున్నా లోపల రాత్రే. ఊళ్లో దొరికే బ్యాండేజీ గుడ్డకు నల్లరంగు వేసి, నాలుగు మడతలు చేసి కిటికీలన్నిటికీ కొట్టారు. యంత్రాలు ఎప్పుడో అమ్ముడుపోయాయి. వాటి చోట బార్ కౌంటరు, అద్దాల బంతులు, మనిషెత్తు స్పీకర్లు. సీసాల్లో ఉన్నది టీ డికాషన్.

"పగలు పదింటికి కరుప్పు గుడ్డ కట్టి రాత్రి అంటారు," అంది బొమ్మక్క. "మాకిచ్చినట్టు వాళ్లకీ అర నైటు ఇచ్చుంటే తెలిసుండేది రాత్రంటే ఏందని."

అర నైటంటే సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పన్నెండు దాకా నడిచే షిఫ్టు.

తీస్తున్నది జరిగిన కథ. ఏడేళ్ల కిందట చెన్నైలో ఒక నైట్‌క్లబ్ బయట, బండ్లు ఆపే చోట, దర్శిని అనే పిల్ల చచ్చిపోయి కనిపించింది. మత్తు ఎక్కువై తానే నడిచి వెళ్లి పడిపోయిందని కేసు మూసేశారు. ఆ రాత్రి కౌంటరులో గ్లాసులు నింపినవాడు భరత్. ఇప్పుడు అతను సినిమావాళ్లకు పని నేర్పడానికి వచ్చాడు. ఎవరు ఎక్కడ నిలబడేవారు, ఏ పాటకు ఎవరు లేచేవారు, అంతా చెప్పేవాడు.

ఆ భరత్ ఈ ఉదయం చచ్చిపోయాడు. పదకొండూ యాభైకి నేల కింది సొరంగంలో శవం కనిపించింది. మూత తీసి చూసినవాడు వినోత్.

* * *

సీనివాసన్ కౌంటరు ముందు కాళ్లు చాపి కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి. పోలీసు ఉద్యోగం మధ్యలో వదిలేసి పెద్దవాళ్లకు కాపలా పనులు చూస్తున్నాడు. ఈ సినిమాకు కూడా కాపలా అతనిదే. అతనికీ పద్మనాభ రాజాకూ మాటలు తమిళంలో సాగాయి. తనకు తెలుగు రాదని సీనివాసన్ ముందే చెప్పాడు.

"మీరు బూడిద చూసేవారట కదా. ఇక్కడ ఏదీ కాలలేదండీ."

"కాలనిది కూడా చూస్తాను. ఏం జరిగింది?"

"జరగాల్సిందే జరిగింది. పాత బార్ మనిషి. పాత అలవాటు. చాటుగా పీల్చుకోవడానికి కిందికి దిగాడు, ఎక్కువైంది, పోయాడు. జేబులో తెల్ల పొడి పొట్లం దొరికింది. అలాంటిదే ఇంకొకటి వినోత్ పనిముట్ల సంచిలో దొరికింది."

"సంచి వెతికింది ఎవరు?"

"నేనే."

"పక్కన ఎవరున్నారు?"

సీనివాసన్ నవ్వాడు. "పెద్దాయనా, నేను ఈ పని చేసే రోజుల్లో మీరు దూది తూకం వేస్తున్నారు."

"వినోత్‌తో రెండు నిమిషాలు మాట్లాడాలి."

"పోలీసులు వచ్చాక. అంతవరకు తాళం వేసి ఉంచాను. వేస్ట్ రూములో. నీళ్లిచ్చాను, ఫ్యాను లేదు. అత్తగారిల్లు కాదు కదా."

వేస్ట్ రూమంటే యంత్రాల కింద రాలిన దూది పోగుచేసే గది. కిటికీ ఉండదు. పాత దూది బేళ్లు కొన్ని అక్కడే మిగిలిపోయాయి. షెడ్డు పడమటి కొసన దాని తలుపు కనిపిస్తోంది. బొమ్మక్క అటే చూస్తోంది.

"మిల్లు లోపలి దారులు మీకు బాగా తెలిసినట్టుంది," అన్నాడు పద్మనాభ రాజా.

"నాకా? చెన్నైలో పుట్టి చెన్నైలో పెరిగాను. నెల కిందటిదాకా స్పిన్నింగ్ మిల్లు ముఖం చూడలేదు."

పద్మనాభ రాజా తల ఊపి స్తంభం పక్కకు నడిచాడు. అక్కడ థర్మకోల్ పెట్టెలున్నాయి. డ్రై ఐస్ పెట్టెలు. వేడినీళ్లలో ఆ ముక్కలు వేస్తే తెల్లటి పొగ నేలమీద పాకుతుంది. క్లబ్బులో నాట్యం చేసేవాళ్ల కాళ్లు మబ్బులో ఉన్నట్టు కనిపిస్తాయి. ఖాళీవి ఐదు. సీలు తీయనివి మూడు. లెక్కపెట్టి ముందుకు పోయాడు.

* * *

డైరెక్టర్ అర్చన మెట్లమీద ఒంటరిగా కూర్చుంది. ముప్పై ఏళ్లుంటాయి. ఏడ్చి కడుక్కున్న ముఖం. వాళ్లది ఇక్కడికి దగ్గరి సేత్తూరు పక్క పల్లె, చెన్నైలో చదువుకుంది. మాటలో ఊరు ఇంకా ఉంది.

"భరత్‌ను చివరగా ఎప్పుడు చూసినావమ్మా?"

"పది యాభైకి. టీ తాగతా ఉన్నాడు. కౌంటరు తుడస్తా ఉన్నాడు. షాట్ లేనప్పుడు గూడ తుడిచేవాడు సార్. ఎందుకన్నా అని అడిగితే, చెయ్యి ఊరుకోదు అనేవాడు."

"తరవాత?"

"పదకొండూ పదికి అందరినీ నిలబెట్టినాము. పదిహేనుకి డ్రై ఐస్ వేసినారు. ఐదు పెట్టెలూ ఒకేసారి. ఇరవైకి పాట. పన్నెండు నిమిషాల షాట్, కట్ లేకుండా. స్పీకర్లు ఫుల్లు."

"అంత గట్టిగా ఎందుకు?"

"ఆ రాత్రి దర్శిని అరిచిందంట సార్. పాటలో ఎవరికీ వినపడలా. ఆ సంగతే చూపించాలని... ఈరోజు గూడ వినపడలా, కదా?"

పద్మనాభ రాజా ఆమె పక్కన మెట్టుమీద కూర్చున్నాడు.

"భరత్ నీతో వేరే ఏమైనా చెప్పినాడా?"

"నిన్న సాయంత్రం. అరవైరెండో సీను తప్పు అన్నాడు. ఆ పిల్ల నడిచి పోలా, ఒకాయన ఎత్తుకొని పోయినాడు, అప్పటికి ప్రాణం ఉండింది అన్నాడు. ఆస్పత్రికి తీసకపోతే క్లబ్బు పేరు పోతాదని బండ్ల మధ్యలో పడేసినారంట. ఆయన ఎవరు అన్నా అంటే, రేపు షాట్ అయినాక చెప్తానన్నాడు. ఏడేళ్లు మింగినాను, ఇంకొక పూట మింగలేనా అన్నాడు."

"ఈ మాట వేరే ఎవరు విన్నారు?"

"అందరూ ఉండారు సార్. డిన్నరు టైము."

"సీనివాసన్‌ను పనిలో పెట్టింది నువ్వా?"

"నేను కాదు. డబ్బు పెట్టినవాళ్లు పంపినారు."

* * *

షెడ్డు పొడవునా నేల కింద ఒక సొరంగం ఉంది. మిల్లువాళ్లు ట్రెంచి అంటారు. యంత్రాల కింది గాలిని, ఎగిరే దూదిని లాగడానికి కట్టింది. నేలమీద అక్కడక్కడ ఇనుప జల్లెడలు బిగించి ఉన్నాయి. మనిషి దిగడానికి నాలుగు చోట్ల ఇనుప మూతలు. మూత వేస్తే బయటి గడియ తానే పడుతుంది. మిల్లు మూసినప్పుడు ట్రెంచి రెండు కొసలకూ గోడలు కట్టేశారు. ఫ్యాను పీకేశారు. ఇప్పుడు గాలి కదలదు.

భరత్ దొరికింది కౌంటరు వెనక మూత కింద. శవాన్ని అప్పటికే తాళ్లతో పైకి లాగేశారు; మూత తెరిచే ఉంది. పద్మనాభ రాజా దిగలేదు. నేలమీద బోర్లా పడుకుని లోపలికి చూశాడు. తరువాత లేచి చేయి చాచాడు.

"బొమ్మక్కా, కర్పూరం ఉండాదా?"

టీ బండి దగ్గర సామి పటం ఉంది, కర్పూరమూ ఉంది. ఒక రేకు మూతలో బిళ్ల పెట్టి వెలిగించి, తీగకు కట్టి మెల్లగా కిందికి వదిలాడు. మనిషి ఛాతీ ఎత్తు దాకా మంట నిలబడింది. నడుము దగ్గర వణికింది. మోకాలి దగ్గర ఎవరో వేళ్లతో నలిపినట్టు ఆరిపోయింది.

మళ్లీ వెలిగించి వదిలాడు. మళ్లీ అక్కడే ఆరింది.

"సామీ," అంది బొమ్మక్క.

"డ్రై ఐస్ పొగ. బరువుగాలి. జల్లెడల్లోంచి కిందికి దిగింది. మూడు గంటలు కావస్తా ఉన్నా ఇంకా మోకాలి దాకా ఉండాదంటే, అప్పుడు తల మునిగేంత ఉంటాది. పైన పిల్లలు ఎగరతా ఉంటే కింద మనిషికి ఊపిరి అందలా."

మూతను అటు తిప్పి అడుగుభాగం చూశాడు. ఏళ్ల నాటి దూది ధూళి జిగురులా పట్టి ఉంది. అందులో రెండు అరచేతుల ముద్రలు. పక్కన ఇంకో రెండు. వేళ్లు చాపి, బలంగా తోసిన ముద్రలు. ఒకచోట గోరు గీతలో తుప్పు కింది ఇనుము మెరుస్తోంది.

"మత్తులో పడిపోయినవాడు మూతను తోయడు," అన్నాడాయన. "ఇతను తోసినాడు. నాలుగు తూర్లు తోసినాడు. మూత వేసి ఉండింది."

పద్మనాభ రాజా మూత అంచు మీద వేలు పెట్టాడు.

"వినోత్ తీసేదాకా వేసి ఉండింది. ఎవరో పైనుంచి వేసినారు. అది ఎవరో తెలిస్తే..."

ఆమె కింద కూర్చుంది. చేతులు రెండూ ముందుకు చాచి వాటినే చూసుకుంటోంది. తరువాత కుడికాలి వైపు చూసింది.

"రాజా," అంది. "నేను మూసినాను."

పద్మనాభ రాజా ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"పదకొండూ పది ఉంటాది. టీ క్యాను ఎత్తుకొని పోతా ఉండాను. మూత తెరిచి ఉండింది. కొక్కేనికి పోగు లేదు. కాలితో తట్టి మూసినాను. మూసినట్టు గూడ నాకి నెనవు లేదు. ఇప్పుడు నువ్వు చెప్పినాకదా..."

"పోగా? ఏం పోగు?"

ఆమె లేచి, గోడ గూట్లో ఎవరూ పట్టించుకోని పాత బాబిను ఒకటి తీసింది. దానికి ఇంకా కాస్త రోవింగ్, దారం కాకముందటి మెత్తని దూది తాడు, చుట్టి ఉంది. మూర పొడవు లాగి తెంపింది. మూత పక్కన గోడలో ఒక చిన్న ఇనుప కొక్కెం ఉంది. దానికి తగిలించి చూపింది.

"లోపల ఆళ్లుంటే ఇట్ల పోగు కట్టిపెట్టి దిగాల. పోగుంటే మూయగూడదు. పోగు లేకుండా మూత తెరిచుంటే, చూసినవాళ్లు మూయాల. మూయకుండా పోతే మేస్త్రీ తిట్టేవాడు. ఒకప్పుడు కాళియమ్మాళ్ బాబిన్ల బుట్ట ఎత్తుకొని వస్తా దాంట్లో పడి నడుము ఇరగ్గొట్టుకొనింది. అప్పుటినుంచి. పెండ్లి పత్రిక ఇయ్యడానికి వచ్చిన చుట్టాలు గూడ మూసి పోయేవాళ్లు రాజా. మాకి రాయాల్సిన చట్టం కాదది, కాలే చేస్తాది."

"భరత్‌కు తెలియదు," అన్నాడాయన మెల్లగా.

"పాపం వాడికేం తెలుసు! చక్కెర తక్కువ వేయి అక్కా అనేవాడు దినమూ." ఆమె పోగు తీసి నడుం దగ్గర చీరలో దోపుకుంది. కళ్లు తుడుచుకోలేదు. "పోలీసోళ్లు వస్తే నేనే చెప్తాను. మూసిన కాలు నాది. నా బిడ్డను ఇడిసిపెట్టమను."

ఇన్సూరెన్స్ పనిలో పద్మనాభ రాజా నేర్చుకున్నది ఒకటుంది. నిప్పురవ్వ దూదిమీద పడితే తప్పు రవ్వది కాదు. రవ్వ పడుతుందని తెలిసి అక్కడ దూది పరిచినవాడిది.

"నువ్వు ఆ దారిన దినమూ అదే టైముకి పోతావా?"

"షాట్‌కి ముందు టీ ఇయ్యాల. ఆమా. దినమూ."

"అయితే మూత తెరిచి, పోగు కట్టకుండా, భరత్‌ను కిందికి పంపితే చాలు. మిగతాది నీ కాలు చేస్తాదని ఒకడికి తెలుసు. డ్రై ఐస్ ఎప్పుడు వేస్తారో తెలుసు, పాట ఎప్పుడు మొదలవతాదో తెలుసు. కాని మూత సంగతి తెలియాలంటే సినిమా మనిషయితే చాలదు. ఈ మిల్లులో పెరిగుండాల."

"ఇక్కడ మిల్లు ఆళ్లు నేనూ నా కొడుకే కదా!"

"చూద్దాం."

రెండూ నలభై.

* * *

అక్కడికి ఇరవై అడుగుల దూరాన, పడమటి వైపు పోయే దారిలో ఇంకో మూత ఉంది. పద్మనాభ రాజా ఇనుప కడ్డీతో దాన్ని ఎత్తి తెరిచి పెట్టాడు. పక్క గోడ కొక్కేనికి పోగు కట్టలేదు. బొమ్మక్కను స్తంభం వెనకకు రమ్మని, తానూ అక్కడే నిలబడ్డాడు.

లైటు మనుషులిద్దరు వచ్చారు. మూత చూసి చుట్టూ తిరిగిపోయారు. మేకప్ అమ్మాయి వచ్చింది, లోపలికి తొంగి చూసి దాటిపోయింది. అర్చన ఫోను చూసుకుంటూ వచ్చి, చివరి క్షణంలో ఆగి, పక్కనుంచి పోయింది. ఒక్కరూ మూయలేదు. బొమ్మక్క కాలు మాత్రం స్తంభం వెనక రెండుసార్లు కదిలింది.

మూడూ ఐదుకు సీనివాసన్ వచ్చాడు. వేస్ట్ రూము వైపునుంచి. ప్యాంటు అంచులు రెండూ మడమలదాకా తడిసి ఉన్నాయి. చెవి దగ్గర ఫోను.

"ఆఁ, నాలుగింటికే రమ్మనండి. తొందరేం లేదు," అంటున్నాడు. "ముసలాయన ఒకడు కర్పూరం వెలిగించి దేవుణ్ని పిలుస్తున్నాడు. వాణ్నీ..."

మాట ఆగలేదు. నడక ఆగింది. కళ్లు నేలమీది మూతవైపు పోలేదు. ముందు గోడవైపు పోయాయి, కొక్కెం దగ్గరికి. అక్కడ ఏమీ లేదు. కుడికాలు లేచి మూత అంచును తట్టింది. ఇనుము ఇనుము మీద పడింది. గడియ పడింది. సీనివాసన్ ఫోనులో మాట్లాడుతూనే రెండడుగులు ముందుకు వేశాడు.

అప్పుడు స్తంభం పక్కన నిలబడిన మనిషిని చూశాడు.

ఫోను మెల్లగా కిందికి దిగింది.

పద్మనాభ రాజా ఈసారి తెలుగులో అడిగాడు. గొంతు పెంచలేదు. ఊరివాడు ఊరివాణ్ని అడిగినట్టు అడిగాడు.

"మీ యమ్మ పగలా, అర నైటా?"

"అర నై..." అన్నాడు సీనివాసన్.

అంతవరకే. పెదవులు మూసుకున్నాయి. నలభై ఏళ్లు దాచిన మాట నోట్లోంచి సగం బయటికి వచ్చి ఆగిపోయింది. అతని ముఖంలో కోపం లేదు. నిద్రలోంచి లేపినవాడి ముఖం అది.

"మిల్లు లైను ఇండ్లలో పెరిగిన బిడ్డవు," అన్నాడు పద్మనాభ రాజా. "దర్శినిని ఎత్తుకొని పోయింది నువ్వేనా?"

సీనివాసన్ తమిళంలోకి వెళ్లిపోయాడు. "కాలితో మూత వేస్తే హత్యా? కోర్టులో చెప్పి చూడండి. నవ్వుతారు. భరత్‌ను నేను పంపానని చెప్పేవాడు ఎవడున్నాడు?"

అని గడియారం చూసుకున్నాడు.

ఆ చూపు పద్మనాభ రాజాకు నచ్చలేదు. ఓడిపోయినవాడు టైము చూసుకోడు. చెప్పేవాడు ఎవడున్నాడు? భరత్‌కు కబురు తీసుకుపోయినవాడు ఒకడు ఉండాలి. షాటుకు ముందు అటూ ఇటూ తిరిగేవాడు. కరెంటు పనివాడు, వినోత్.

ఆయన కళ్లు డ్రై ఐస్ పెట్టెలున్న మొదటి స్తంభం దగ్గరికి పోయాయి. ఖాళీ పెట్టెలు ఐదు. సీలు తీయనివి మూడు ఉండాలి.

ఒక్కటీ లేదు.

తడిసిన ప్యాంటు అంచులు. కిటికీ లేని గది. తొందరేం లేదు, నాలుగింటికే రమ్మనండి.

"బొమ్మక్కా! వేస్ట్ రూము!"

ఆమె అప్పటికే పరుగెత్తుతోంది. అరవై ఏళ్ల మోకాళ్లతో, చెప్పులు వదిలేసి. పద్మనాభ రాజా ఇనుప కడ్డీ చేత పట్టుకుని వెనక పోయాడు. తలుపు కింది సందులోంచి తెల్లటి పొగ సన్నగా, నిదానంగా, పాలు ఒలికినట్టు బయటికి పాకుతోంది.

"వినోతూ! రేయ్ వినోతూ!"

జవాబు లేదు. ఆమె తలుపు నడుమ రెండు చేతులతో కొట్టింది. కింద కొట్టింది. చెవి పెట్టింది.

టక్.

శబ్దం ఎదురుగా రాలేదు. పైనుంచి వచ్చింది. తలుపు పైచట్టానికి ఆనుకుని. టక్, టక్.

"పైకెక్కినాడు," అంది బొమ్మక్క. "బేళ్ల మీదికి ఎక్కినాడు రాజా. పొగ కిందనే ఉంటాదని తెలిసినోడు నా బిడ్డ!"

కడ్డీ తాళం కొండీలో దూర్చి పద్మనాభ రాజా ఒళ్లంతా వేసి తొక్కాడు. రెండోసారికి మేకులు కదిలాయి. మూడోసారికి కొండీ ఊడింది. తలుపు తెరుచుకోగానే పొగ వాళ్ల మోకాళ్లమీదుగా షెడ్డులోకి పొర్లింది. లోపల, బేళ్ల మీద, పైకప్పుకు ముఖం ఆనించి ఒక మనిషి ఆకారం. చేయి ఒకటి వేలాడుతోంది. వేళ్లు కదులుతున్నాయి.

"పైననే ఉండు! దిగద్దు!" అని అరిచాడు పద్మనాభ రాజా. కండువా ముక్కుకు కట్టుకుని లోపలికి అడుగు వేశాడు.

బొమ్మక్క వెంటనే రాలేదు. గడపమీద ఒక్క క్షణం ఆగింది. నడుం దగ్గర దోపుకున్న రోవింగ్ పోగు తీసింది. ముడి ఒక్కసారికే సరిగా పడింది. తలుపు గడియకు, వచ్చేవాడి కంటికి ఎదురుగా, కట్టింది. లోపల మనుషులున్నారు, మూయకూడదు.

ఆ గుర్తు చదవగలిగినవాడు షెడ్డులో ఇంకొక్కడే ఉన్నాడు. వెనకనుంచి, తడి బూట్ల చప్పుడుతో, అతను ఈ తలుపు వైపే నడిచి వస్తున్నాడు.